దారం మీద దిగిన రాకెట్టు

బోగోలు చుట్టుపట్ల క్రైస్తవ సభల్లో మిషన్ దొర ఇంగ్లీషులో ఒక వాక్యం పలికితే, వెంటనే దాన్ని తెలుగులో నిలబెట్టే గొంతు సమాధానం అనే అయ్యవారిది. దొర 'నేను' అంటే ఆయనా 'నేను' అనేవాడు. దొర చెయ్యెత్తితే ఆయన చెయ్యీ లేచేది. చాలా ఏళ్లు అలా గడిచాక, తెలుగు నేర్చుకున్న కొత్త దొర వచ్చాడు. తర్జుమాతో అవసరం తీరిపోయింది.

ఎవరూ ఆయన్ని చిన్నబుచ్చలేదు. ముందు వరసలో కూర్చోబెట్టి గౌరవించారు. అక్కడ కూర్చున్న మనిషిని ఒక ప్రశ్న పట్టుకుంది. ఇన్నాళ్లూ పలికినవన్నీ మరొకరి మాటలే అయినప్పుడు, ఆ మాటలు తీసేశాక మిగిలిన గొంతు ఎవరిది? తత్వగ్రంథాలు తిరగేశాడు. ప్రశ్న మరింత అందంగా కనిపించింది, అంతే.

ఒక శనివారం పొద్దు వాలేవేళ, సముద్రపు ఒడ్డున ఇసుక మీద డేరా వేసి టూరింగ్ టాకీసు నడిపే రంగనాయకులు పరుగున వచ్చాడు. పౌరాణికం రావలసిన ఫిలిం పెట్టెలో ఇంగ్లీషు బొమ్మ వచ్చిందట. చంద్రలోకానికి రాకెట్టులో పోయే కథట. జనం అప్పటికే డేరాలో కూర్చున్నారు. పక్కన నిలబడి, మైకులో తెలుగు చెబితే చాలునన్నాడు.

తాను దేవుని వాక్యం చెప్పినవాణ్ణనీ, కట్టుకథలు తన నోట రావనీ సమాధానం అన్నాడు. లోపలినుంచి ఆయన భార్య సామ్రాజ్యం వచ్చి గడపలో నిలబడింది.

"రాక కాదు. చెప్పినాక ఎవరూ వినకపోతే ఎట్లా అని గదా మీ దిగులు."

మాట తగలవలసిన చోటే తగిలింది. ఆయన ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

బొమ్మ మొదలైంది. చంద్రమండలం అట్టముక్కలకు సున్నం కొట్టి చేసినది. అక్కడి రాజు ఒంటిమీద రబ్బరు తోలు. వీపున కుట్టు విడిపోయి లోపలి చొక్కా కనిపిస్తోంది. ఆ రాజు భూమివైపు వేలు చూపి ఏదో గర్జించాడు. అలవాటు కొద్దీ సమాధానం నిటారుగా నిలబడి చెయ్యెత్తాడు.

"భూలోక నివాసులారా, నేను మిమ్మును సమూలముగా తుడిచివేయుదును!"

ఆ గొంతుకు ఏళ్ల తరబడి అలవాటుపడిన ఆడవాళ్లు, నేలమీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే, ఒక్కసారిగా "ఆమెన్" అన్నారు.

మగవాళ్ల వైపునుంచి పడవలవాడు పోలేరయ్య మెల్లగా అడిగాడు.

"ఏం రెబెక్కమ్మత్తా, అప్పుడే ఆ చంద్రలోకం వాళ్లలో కలిసిపోయినావా?"

అందరికన్నా గట్టిగా అన్న రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వులకు గుడ్డగోడలు కదిలాయి. నవ్వు తన మీదో బొమ్మ మీదో అయ్యవారికి తెలియలేదు.

అంతలో రాకెట్టు దిగసాగింది. పోలేరయ్య లేచి నిలబడ్డాడు.

"అయ్యవారూ, దారం కనపడతా ఉండాది."

ఈలలు మొదలయ్యాయి. వెనకవైపు కొందరు పంచెలు దులుపుకుంటూ లేచారు. అది పొగ అని చెప్పమని రంగనాయకులు చెవిలో బతిమాలాడు. తెరమీద ఎవరూ మాట్లాడటం లేదు. ఆనుకోవడానికి ఇంగ్లీషు వాక్యం ఒక్కటైనా లేదు. పొగ అంటే తన గొంతు అబద్ధమవుతుంది. ఊరుకుంటే ఈ డేరాతోపాటు అదీ ఖాళీ అవుతుంది.

ఆయనకు తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. బొమ్మ వెనక పుల్ల అందరికీ కనిపిస్తుంది. అయినా ఏడుస్తారు. పుల్ల కనిపించిందని ఏడుపు మానినవాడు ఒక్కడూ ఉండడు.

"దారమే," అన్నాడు మైకులో. "చాలా సన్నది కూడా. లోపల ముగ్గురున్నారు. అది తెగితే వాళ్లిక ఇంటికి రారు."

పోలేరయ్య కూర్చోలేదు. తాళ్లతో బతికే మనిషి, ఆ దారాన్ని మళ్లీ చూశాడు. అతని ముఖంలో ఎగతాళి కరిగి మరొకటి వచ్చింది.

"ఊగిపోతా ఉండాదే," అన్నాడు తెరతో. "నిదానంగా దించండ్రా."

లేచినవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు.

ఆపైన ఎవరూ మోసపోలేదు, ఎవరూ కథకు బయటా ఉండలేదు. వీపున చొక్కా కనపడుతోందనీ, చలిగాలి తగులుతుందనీ ఆడవాళ్లు రాజును హెచ్చరించారు. అర్థంకాని సంభాషణలకు సమాధానం సొంతంగా మాటలు కట్టాడు. వాటిలో ఒకచోట రాజు, ఇంత ఎత్తున ఒంటరిగా ఉండలేకే కోపం తెచ్చుకున్నానని ఒప్పుకున్నాడు. రెబెక్కమ్మ కళ్లు తుడుచుకుంది. ఎక్కడో ఈ బొమ్మ తీసినవాళ్లెవరో, చేతిలో అట్టా సున్నమూ తప్ప మరేమీ లేనివాళ్లు, చంద్రుణ్ణి అందుకోవాలనుకున్నారని ఆయనకు తోచింది. దారం దాచడానికి వాళ్లకు స్తోమత లేదు. అందుకే వాళ్ల ఆశ కూడా దాగలేదు.

చివర్లో, తిరిగి లేవబోయిన రాకెట్టు అట్టకొండకు చిక్కుకుంది. దారం బిగిసింది. డేరా మొత్తం లేచి నిలబడింది.

"లాగండి," అన్నాడు సమాధానం.

"హైలెస్సా!" అని పోలేరయ్య అందుకున్నాడు. వలలు లాగిన చేతులు, వరిమోపులు ఎత్తిన చేతులు గాలిని పట్టి లాగాయి. కొండ చిరిగింది. రాకెట్టు లేచింది. ఆ కేక సముద్రపు హోరును కాసేపు మింగేసింది.

మర్నాడు అసలు పెట్టె వచ్చింది. రంగనాయకులు దాన్ని విప్పనైనా లేదు. జనం చంద్రలోకమే కావాలన్నారు. కావలి వైపునుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లకు లోపల చోటు చాలక డేరా ఒకవైపు గుడ్డ పైకెత్తి కట్టారు. సామ్రాజ్యం అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది.

దీపాలు ఆరాయి. తెరమీద మనిషి నోరు తెరిచాడు. సమాధానం మైకు దగ్గరికి లాక్కుని ఆపరేటరు వైపు తిరిగాడు.

"ఆ ఇంగ్లీషు శబ్దం కొంచెం తగ్గించు నాయనా," అన్నాడు.