మా బావగారి అసలు ఫైనల్

నేను పనిచేసే కంటి ఆసుపత్రి కంప్యూటర్ గదికి మా బావగారు మకుటం లేని మహారాజు. అక్క మొగుడు, పైగా నాకు అక్కడ ఉద్యోగం వేయించిన మహానుభావుడు. కాబట్టి పక్క కుర్చీలో నోరు కుట్టేసుకుని పనిచేయాలి. కానీ ఆయన పెట్టే పేర్లు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. డేటాబేసులో ఏ టేబుల్, అదే ఏ పట్టిక తయారుచేసినా దాని పేరు టెంపే, అంటే టెంపరరీ. రోగుల వివరాలు టెంపు, మందుల నిల్వ టెంపు ఒకటి, దానం చేసిన కన్ను కోసం ఎదురుచూసేవాళ్ళ వరస టెంపు రెండు.

"బావగారూ, చూడగానే తెలిసే పేర్లు పెట్టకూడదా?" అంటే, "తాత్కాలికమేగా! తర్వాత మారుద్దాంలే" అనేవారు. ఆ తర్వాత అనేది పదేళ్ళుగా రాలేదు పాపం, దారి తప్పిందేమో.

వరస మారినప్పుడు పాత టేబుల్ ముట్టుకోవాలంటే ఆయనకు భయం. కాపీ తీసి, అందులో మార్చి, ఇంకో పేరు పెడతారు. అలా టెంపు రెండుకి ఫైనల్ పుట్టింది. దానికి కొత్త ఫైనల్ అనే తమ్ముడు, అసలు ఫైనల్ అనే చెల్లెలు. తొందరలో ఉంటే ఏది కనిపిస్తే అందులోనే మార్చేసేవారు.

ఆ వరసలో బావగారి అమ్మగారు లేకపోతే ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. అత్తయ్యగారికి రెండు కళ్ళూ మసకే. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి గోడ తడుముతుంది. మొన్ననే ఆవిడ పేరు అందరికన్నా పైకి వచ్చిందని బావగారు ఎగిరి గంతేశారు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రికి కొత్త కంప్యూటర్ వచ్చింది. బావగారు టేబుళ్ళన్నీ ఒక్క దెబ్బతో అందులోకి తోసేశారు. ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియకుండా వాటి తేదీలన్నీ ఒకటే అయి కూర్చున్నాయి. పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా అప్పటికప్పుడే తుడిచేశారు కూడా, ఎంత చురుకో!

మర్నాడే ఒక కన్ను వచ్చింది. పెద్ద డాక్టరమ్మ మా గదిలోకొచ్చి, "ఎవర్ని పిలవాలి?" అంది. ఫైనల్‌లో మొదట ఒక డ్రైవరు. కొత్త ఫైనల్‌లో ఒక టైలరమ్మ. అసలు ఫైనల్‌లో అత్తయ్యగారు.

"వీటిలో ఏది సరైంది?"

"అసలు ఫైనలేనండీ" అన్నారు బావగారు.

"అందులో మొదటి పేరు ఎవరిది?"

"మా... మా అమ్మదండీ."

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. నేను ఉండబట్టలేక, "ఒట్టు, నిజమేనండీ!" అన్నాను.

"నువ్వెవరమ్మా?"

"ఆయన మరదల్నండీ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. బావగారు చెప్పింది అక్షరాలా నిజం. డాక్టరమ్మ స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదు.

వచ్చిన కన్ను ఎక్కువసేపు ఆగదు. డ్రైవరు ఫోన్ ఎత్తలేదు, టైలరమ్మ ఎత్తింది; కన్ను ఆవిడకే పోయింది. కాగితాలన్నీ తిరగేసి తేల్చేదాకా అత్తయ్యగారి పేరు పక్కన పెట్టమంది డాక్టరమ్మ.

సాయంత్రం బావగారితో నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పుల చప్పుడు విని అత్తయ్యగారు గోడ పట్టుకుని లేచింది.

"పిలిచార్రా నన్ను?"

"కొంచెం ఆగాలమ్మా."

"ఇంకా ఎన్నాళ్ళురా ఈ చీకటి?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బావగారు సరైన మాట కోసం వెతుక్కోవడం చూశాను. పాపం, దొరకలేదు.

"తాత్కాలికమేనమ్మా" అన్నారు.