రెండుసార్లు గుంజితే

గట్టు ఊరి దగ్గర హన్మంతు చేనులోని పాత బావిలో చోటే మియా పూడిక తీస్తుండగా పక్క గోడ జారి మీద పడింది. కళ్లు తెరిచేసరికి నడుము దాకా మట్టిలో ఉన్నాడు. కాళ్ల మీద రాళ్లు. పైన నీళ్లు తోడే ఇంజన్ మోతలో అతని కేక అతనికే వినబడలేదు.

ఛాతీకి కట్టుకున్న తాడు బిగిసింది. పైనుంచి హన్మంతు, బాసిత్ లాగుతున్నారు. కాళ్లు కదలడం లేదు, తాడు మాత్రం పక్కటెముకల్లోకి దిగుతోంది. ఊపిరాడక చోటే మియా తాడును రెండుసార్లు గుంజాడు. అతనూ, ఎప్పుడూ పైన తాడు పట్టే నాగన్నా ఏ బావి దగ్గరైనా వాడే గుర్తు అదే. ఒకసారి గుంజితే లాగు, రెండుసార్లు గుంజితే వదులు.

పైవాళ్లు ఇంకా గట్టిగా లాగారు.

మళ్లీ రెండుసార్లు గుంజాడు. లోపల ఎముక టప్పుమంది. ‘చంపుతుండ్రేంది నన్ను!’ అనుకున్నాడు. నాగన్న అయితే ఎప్పుడో వదిలేవాడు. నాగన్నకు జ్వరమని తన అన్న కొడుకు బాసిత్‌ను తెచ్చుకున్నాడు ఇవాళ, గుర్తుల సంగతి చెప్పకుండానే. బాసిత్ నిన్నమొన్నటి దాకా లారీ క్లీనరు. బండి వెనక నిలబడి ఒక దెబ్బ కొడితే ఆగు, రెండు కొడితే పోనీ.

రెండుసార్లంటే వాడి లెక్కలో పోనీ, అంటే లాగు. లాగమని చెబుతున్నది తనే!

ఒక్కసారి గుంజాలి. కానీ చెయ్యి రాలేదు. ఒక్కసారంటే తన లెక్కలో లాగమనే కదా. తన ఊహ తప్పయితే? ఇంకొక్క లాగుతో ప్రాణం పోతుంది. కళ్లు మూసుకుని, అల్లాను తలచుకుని, ఒక్కసారి గుంజాడు.

తాడు వదులైంది.

గోళ్లు ఊడేలా మట్టి తవ్వాడు. రాళ్లు ఒక్కొక్కటే పక్కకు నెట్టి కాళ్లు లాక్కున్నాడు. అప్పుడు రెండుసార్లు గుంజాడు.

గద్వాల దవాఖానలో చోటే మియా మంచం కాళ్ల దగ్గర నిలబడి బాసిత్ ఏడ్చాడు. “పోనీ, పోనీ అంటున్నవనుకున్న చాచా. నాకేం తెల్వదు.”

“నాకు గూడ గప్పుడే తెలిసె. ఏడ్వకు.”

భార్య మున్నీబీ అతని నుదురు తుడిచింది. “మళ్ల బాయిల దిగుతవా?”

మాట్లాడితే కట్టు కింద పక్కటెముకలు నొస్తున్నాయని తల ఊపాడు.

“గట్ల ఊపితె ఏమనుకోవాలె? నోటితోని చెప్పు.”

“ఇగ దిగను,” అన్నాడు చోటే మియా.