ఒప్పందపు కాపురం

ఈ మనిషి తన ఇంట్లో ఉంటున్నది తన కోసమా, కాగితం కోసమా అన్న అనుమానం కాంచనను ఏడేళ్లుగా వదల్లేదు. మగ్గం గుంటలో కూర్చున్నా, తిరుత్తణి కొండ మెట్లెక్కుతున్నా అది ఆమె వెంటే ఉండేది.

డెబ్బై ఏడులో కొండకు అవతల మెట్టభూముల్లో ఆకాశం నుంచి ఒక ఓడ దిగింది. చెడిపోయి దిగిందనీ, బాగుచేసుకోవడానికి ఏడేళ్లు పడుతుందనీ అందులోని వాళ్లు చెప్పారు. మొదటి వేసవిలోనే బావి నీళ్ల దగ్గర గొడవైంది. రాళ్లు లేచాయి, ఇటూ అటూ తలలు పగిలాయి. అప్పుడు పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఆ వచ్చినవాళ్ల ధర్మం ప్రకారం ఒప్పందం నిలవాలంటే రెండు పక్షాల పెద్దిళ్ల పిల్లలు ఓడ వెళ్లేదాకా ఒక కప్పు కింద కాపురం చెయ్యాలి. నేతవీధికి పెద్ద నాగలింగం. ఆయనకున్నది ఒక్క కూతురు కాంచన.

"నీకు ఇష్టం లేకుంటే సెప్పమ్మా, కాగితం సించేస్తా" అన్నాడు నాగలింగం.

"పగిలిన తలలకు కట్లు కట్టింది నేనే గదా నాయనా" అంది కాంచన. అంతే, పెళ్లయింది.

పెళ్లికొడుకు ఓడవాళ్ల నాయకురాలి మేనల్లుడు. అతని అసలు పేరు ఎవరికీ నోరు తిరగక వీధివాళ్లు వెంకటపతి అని పెట్టారు. ఒళ్లంతా బూడిద రంగు. వేళ్లకు మనకంటే ఒక కణుపు ఎక్కువ.

"సూడండే, కొండమీద విబూది అంతా ఈనే పూసుకోనుండాడు! మాకు నొసటికి గూడా మిగల్చలే" అని కాంచన మేనత్త మునిలక్ష్మి పందిట్లో అందరినీ నవ్వించింది.

కాంచనను బాధపెట్టింది ఆ రంగు కాదు. ఏది పుచ్చుకున్నా పొద్దు గుంకేలోగా బదులు తీర్చేయడం ఆ జాతి ఆచారం. బాకీ ఉన్నవాడు ఆ ఊరు విడిచి పోకూడదట. ఆమె అన్నం పెడితే చాలు, అతను వెళ్లి అచ్చు అతకడానికి కూర్చునేవాడు. పాత పడుగు కొసలకు కొత్త పోగులను, వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కొక్కటే మెలిపెట్టి కలిపే పని అది. అంటే రోజూ సాయంత్రానికి వెళ్లిపోవడానికి సిద్ధమవుతున్నట్టే కదా అనుకునేది కాంచన.

"ఏమయ్యా, అన్నం పెడితే కూలి సేస్తాండావు? నేనేమన్నా ఓటేలు పెట్టుకోనుండానా?" అంది ఒకరోజు.

"తీర్చకుంటే తప్పు" అన్నాడతను తల ఎత్తకుండా.

మూడో ఏట ఆమెకు విషజ్వరం వచ్చింది. మంచం మగ్గం పక్కకు లాగి, పదకొండు రోజులు అతను అక్కడినుంచి కదల్లేదు. లేచి చూస్తే మగ్గం మీద రెండువేల పోగులూ అతికి ఉన్నాయి. అతుకు ఎక్కడా వేలికి తగల్లేదు.

"ఇంత నేనెట్ల తీర్చేది?"

"నువ్వు మా జాతి కాదు గదా. నీకా బాధ లేదు" అని నవ్వాడు. వాళ్లకు నవ్వు వచ్చునని ఆ రోజే ఆమెకు తెలిసింది.

జ్వరం తగ్గితే వస్తానని స్వామికి మొక్కుకుంది కనుక ఇద్దరూ కొండెక్కారు. సగం మెట్ల దగ్గర అతను ఆగిపోయాడు.

"మీ దేవుడిచ్చింది ఎప్పుడు తీరుస్తారు?"

"యాడ తీర్చగలం? అది తీరేది కాదు. అందుకే మళ్లీ మళ్లీ ఎక్కతాం."

"తీరకుంటే భయం లేదా?"

"తీరిపోతేనే భయం" అంది కాంచన.

దిగేటప్పుడు అతనికి దప్పికైతే ఆమె గ్లాసు మజ్జిగ ఇచ్చింది.

ఎనభై నాలుగులో, కొండమీద ఆడికృత్తిక పండుగ దాటిన శుక్రవారం, ఓడ సిద్ధమైంది. వాళ్ల నాయకురాలు ఇంటికి వచ్చి, ఒప్పందం ముగిసిందని నాగలింగానికి దండం పెట్టింది. మేనల్లుడివైపు తిరిగింది.

"ఈ ఇంట్లో నువ్వు తీర్చాల్సిన బాకీ ఏమన్నా ఉందా?"

కాంచన పడుగు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఉంది. గ్లాసు మజ్జిగ. నాలుగేండ్ల కింద కొండ దిగతా ఉంటే దప్పికని ఇచ్చింది. తీర్చలే."

"గ్లాసు మజ్జిగకు ఎంతసేపు? తీర్చి రా. పొద్దు గుంకేదాకా ఓడ ఉంటుంది" అని ఆమె వెళ్లింది.

కాంచనకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "అయితే ఇన్నాళ్లూ మజ్జిగ బాకీకి కట్టుబడి ఉండినావా?"

అతను లేచి లోపలికి వెళ్లాడు. వంటింట్లోంచి కవ్వం చప్పుడు వినిపించింది. గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"తాగితే తీరిపోతుంది. ఓడ ఇంకా ఉండాది. నేను పోతానో, ఉంటానో సూడు."

"తాగకుంటే?"

"నీ అనుమానం నీకే మిగులుతుంది."

అతను పడుగు అవతల కూర్చున్నాడు. ఆమె గ్లాసులోకి చూసింది. తాగకుండా పెట్టేసుకుంటే మనిషి దక్కుతాడు. కానీ అలా దక్కిన మనిషి తనవాడేనా? స్వామీ, నువ్వే చూసుకో అనుకుంది.

వీధిలోంచి మునిలక్ష్మి కేక. "ఒసే కాంచనా, ఓడ తలుపులు మూస్తాండారంట! మీ ఆయన్ని పంపేదుంటే పంపు, లేకుంటే కట్టెయ్!"

కాంచన కళ్లు మూసుకుని గ్లాసు ఎత్తింది. అడుగుదాకా తాగింది. ఉప్పు ఎక్కువైంది. ఖాళీ గ్లాసు నేలమీద బోర్లించి కళ్లు తెరిచింది.

వెంకటపతి వేళ్లకు బూడిద అద్దుకుని తర్వాతి పోగు వెతుక్కుంటున్నాడు.