పెరటి మెరక

మాది బార్యె చిత్తడి. ల్యుబ్ల్యానాకు దక్షిణాన ఉన్న ఆ నేలలో ఎంత తవ్వినా మెత్తటి బంకమట్టే తప్ప గట్టి రాయి తగలదు. తమ్ముడు యెర్నెయ్ అక్కడే ఇల్లు కట్టుకున్నప్పుడు, పునాదికి పద్దెనిమిది మీటర్ల పొడవు కాంక్రీటు స్తంభాలు, అంటే పైళ్లు, సరిపోతాయని నేనే లెక్కగట్టి ఇచ్చాను. పునాదుల ఇంజనీరును మరి. వాటిని భూమిలోకి దింపింది విన్కో మేస్త్రీ. అలాంటి పైలుకు అడుగున ఆనుకునే చోటుండదు. చుట్టూ ఉన్న మట్టే పట్టుకుని మోస్తుంది. ఏడేళ్లు ఆ ఇల్లు వెంట్రుకవాసి కదల్లేదు.

ఎనిమిదో ఏడు వరద గడప దాకా వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం భోజనాల దగ్గర యెర్నెయ్ అడిగాడు.

"అక్కా, దక్షిణం పెరడు మీటరెత్తు మెరక చేయిద్దామనుకుంటున్నా. కంకర తోలిస్తే ఇంటికేమన్నా అవుతుందా?"

ఆ వారమే నేను ఆశపడ్డ పని వేరేవాళ్లకు పోయింది. ఆ చిరాకులోనే సూప్ తాగుతున్నాను.

"పెరట్లోనే కదరా పోసేది, ఇంటి మీద కాదుగా. పోయించుకో."

మరదలు నెవెన్కా నవ్వింది. "వదిన చెప్పాక ఇంకేం భయం!"

కొత్త బరువు పడితే బంకమట్టి కుంగుతుంది. కుంగే మట్టి పైలును మోయడం మాని, దానికి వేలాడి కిందకు లాగుతుంది. ఇది కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ పూట తలచుకోలేదు, అంతే.

మరుసటి ఏడు వంటింటి తలుపు పట్టేసింది. ఆపైన గోడ పగిలింది. కొలిస్తే దక్షిణం వైపు పదకొండు సెంటీమీటర్లు దిగింది. పెరట్లో పోసిన కంకర మెరక మీద అడుగుపెట్టగానే నాకు విషయం అర్థమైంది.

"ఆ విన్కో గాడు పొట్టి పైళ్లు దింపి మోసం చేశాడక్కా! ఊరి గొస్తిల్నాలో తాగేవాళ్లందరి ముందూ కడిగేశా," అన్నాడు యెర్నెయ్.

"చూద్దాంలేరా," అన్నాను. ఆ చూద్దాం రెండేళ్లు సాగింది. ఈలోగా విన్కోను పనికి పిలిచేవాళ్లు లేకపోయారు. ఆయన యంత్రం అమ్మేసి దేశానికి ఆ చివరున్న ప్రెక్‌మూర్యెలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడని తెలిసింది. మర్నాడే కారు తీశాను.

విన్కో వాకిట్లో కూర్చుని గుమ్మడికాయల్లోంచి గింజలు తీస్తున్నాడు.

"ఇంజనీరమ్మా! దారి తప్పారా?"

"మీ పైళ్లు సరైనవే మేస్త్రీ. ఇల్లు దిగింది మెరక వల్ల. పోయించుకోమన్నది నేనే."

ఆయన చెయ్యి ఆగలేదు. "తెలుసు."

"తెలుసా?"

"కంకర లారీలు పోతుంటే మీ తమ్ముణ్ణి నేనే ఆపా. మీ అక్కని ఓ మాట అడగవయ్యా అన్నా. అడిగా, సరేనంది అన్నాడు. ఇంజనీరు సరేనన్నాక మేస్త్రీ మాటెవడిక్కావాలి?"

"మరి ఊళ్లో ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెప్తారనుకున్నా. ఇవాళ, రేపు అని చూశా. ఆ తర్వాత నేను చెప్తే, నా తప్పు మీ మీదికి నెడుతున్నానంటారు." గింజలంటిన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నా పేరు పోయింది ఇక్కడ కాదమ్మా. పోయిన చోట చెప్పండి."

లోపలికి రమ్మనలేదు.

ఆదివారం చర్చి వదిలాక గొస్తిల్నాలో నిలబడి చెప్పాను. గ్లాసులు బల్లల మీదికి దిగాయి. యెర్నెయ్ నన్ను చూసి, కోటు తీసుకుని బయటికి నడిచాడు. ఎవరో "పాపం విన్కో" అన్నారు.

కంకర తీయించి, గోడ పక్కన కొత్త పైళ్లు నా ఖర్చుతో దింపించాను. ఇల్లు దిగడం ఆగింది, దిగినది మాత్రం లేవలేదు. తమ్ముడు పండక్కి పిలుస్తాడు, పలకరిస్తాడు. ఏ సంగతీ మునుపటిలా నన్ను అడగడు. విన్కోకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. మొన్న చలికాలంలో పోయాడట. ఆ కబురు కూడా నెవెన్కా చెబితేనే తెలిసింది.