గణగోర్ ఎడమ చెంప

గంగారం అడవి అంచున ఉన్న ఆ లంబాడీ తండాలో రుక్కి మొహం ఎరగనివాళ్ళు లేరు. ఏటేటా తీజ్ పండుగకు గణగోర్ అమ్మను, అంటే గౌరమ్మను, మట్టితో చేసేది రుక్కే. చేసినప్పుడల్లా ఆ అమ్మకు రుక్కి మొహమే వచ్చేది. ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. ఆమె ఏ పటమూ చూసేది కాదు. కళ్ళు మూసుకుని ఎడమచేత్తో తన నుదురు తడుముకునేది, కుడిచేత్తో మట్టిలో అదే నుదురు దిద్దేది. ఆ తర్వాత ముక్కు, చెంపలు, గదవ. పెళ్ళై ఈ తండాకు వచ్చిన ఏటి నుంచీ అదే పద్ధతి.

"గీ యేడు అమ్మ జర బక్కగైంది, రుక్కికి జరమొచ్చింది గదా" అని జనం ఆటపట్టించేవాళ్ళు. రుక్కి మూతి తిప్పుకునేది గానీ లోపల మురిసిపోయేది. మురిసిపోదా మరి, ఎవరికుంటుంది అంత భాగ్యం?

ఆ తండాలో ఇంకో ఆచారం ఉంది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పెంచి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, చివరి రోజు వాగుకు తీసుకుపోతారు కదా. బయలుదేరే ముందు ఒక్కొక్కరూ వచ్చి మట్టి అమ్మ చెంపలు నిమిరి మెటికలు విరుస్తారు. ఆ వెంటనే అమ్మను చేసిన మనిషి చెంపలు కూడా నిమరాలి. వేరే తండాల్లో ఇది ఉందో లేదో తెలియదు. ఇక్కడ మాత్రం అది లేకుండా బుట్ట కదలదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, రుక్కికి ఇప్పుడు ఆ నిమరడం తలుచుకుంటేనే భయం.

పోయినేడు వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికి పోయిన రుక్కి మీద పిల్లల తల్లి ఎలుగు పడింది. భర్త జైసింగ్ గొడ్డలి పట్టుకుని అరుచుకుంటూ వచ్చి అడ్డం పడకపోతే మనిషి దక్కేది కాదు. వరంగల్ దవాఖానలో ప్రాణం నిలబెట్టారు, చెంపను మాత్రం నిలబెట్టలేకపోయారు. ఎడమ కన్ను మూతపడింది, ఎడమ చెంప లోపలికి పోయింది, పెదవి ఒక పక్కకు లాగింది. ఇంటికి వచ్చిన రోజే అద్దం తీయించేసింది. అన్నం గోడ వైపు తిరిగి తింటుంది. రాత్రి గోలీ వేసుకుంటే తప్ప నిద్ర పట్టదు. మొహం కడుక్కున్నా ఆ పక్కన తడిగుడ్డతో అద్దుకోవడమే, తన చేత్తో ముట్టుకోలేదు. ఇంకెవరూ ముట్టుకోలేదనే ఆమె లెక్క. ఎవరు ముట్టుకుంటారు, మొహం మీదికి దించిన కొంగు ఎత్తితే కదా.

పోయిన తీజ్‌కు పిల్లలే తంటాలు పడి అమ్మను చేశారు. వాగు దాకా పోకముందే ముక్కు ఊడిపోయింది. ఆ పరువు తక్కువ పని తండా ఇంకా మరిచిపోలేదు.

ఈసారి రుక్కి కూతురు గీత పట్టు పట్టింది. గీత తొర్రూరులో ఓ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. దసరా తర్వాత ఘనపూర్ అబ్బాయితో పెళ్ళి. అంటే పెళ్ళికాని పిల్లగా బుట్ట ఎత్తడం ఇదే ఆఖరు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాగు మట్టి తెచ్చి తల్లి ముందు పెట్టింది. వాళ్ళింట్లో మాట్లాడుకునేది లంబాడీ మాటే అనుకోండి, మనం తెలుగులో చెప్పుకుందాం. యాడీ అంటే అమ్మ.

"యాడీ, మట్టి తెచ్చిన. చెయ్యి."

"వేరే ఎవరితోనన్న చేపియ్యి బిడ్డా."

"ఎవరు చేస్తరు? పోయినేడు ముక్కూడిపాయె."

"పగిలిన బొమ్మకు ఎవరన్న మొక్కుతరా? తీస్కపోయి నీళ్ళల్ల కలుపుతరు. నేను పగిలినదాన్ని."

"మొహానికి దెబ్బ తాకింది. చేతులకేమైంది?"

రుక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "రేపు గా పిల్లలు నా చెంప ముట్టాలె గీతా. ముట్టి చెయ్యి వెనుకకు గుంజుకున్నరనుకో, నేను తట్టుకోలేను. గంతే."

తల్లి నోట ఆ మాట గీత ఎన్నడూ వినలేదు. ఇంకేం బతిమాలలేదు. "సరే, నేనే చేస్త" అని మట్టి ముద్ద దగ్గరికి లాక్కుంది. చేసింది చూడండి, నుదురా అది? ముక్కు ఒక దిక్కు, మూతి ఒక దిక్కు. రుక్కి పక్కకు చూసింది, కొంగు సర్దుకుంది, గొణిగింది. పనిమంతురాలు ఎంతసేపని ఓర్చుకుంటుంది.

"అవతలికి జరుగు. అమ్మను గిట్ల చేస్తరా?"

మట్టి చేతికి తగలగానే అలవాటు దానంతట అదే వచ్చేసింది. ఉన్న ఒక్క కన్నూ మూసుకుంది. నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది, కుడి చెంప నున్నగా వచ్చింది. ఎడమ చెంప దగ్గర చెయ్యి ఆగింది. పాత చెంపను గుర్తు చేసుకుని దిద్దబోయింది. కుదరలేదు. చెరిపి మళ్ళీ దిద్దింది. పూరీలా ఉబ్బిందే తప్ప అది ఎవరి చెంపా కాలేదు. తడమకుండా చేయడం ఆమెకు ఎన్నడూ రాదు.

కొంగు చాటునే ఎడమచేతిని ఆ చెంప మీదికి పోనిచ్చింది.

ఏమవుతుందనుకుందో ఏమో. ఏమీ కాలేదు. చర్మం వెచ్చగా ఉంది. జొన్నరొట్టె మీద వేళ్ళ గుర్తులు పడ్డట్టు ఎగుడుదిగుడుగా ఉంది. ఆ గుంటలో వేలు పెడితే లోపల దవడ గట్టిగా తగిలింది. ఇంతకాలం పోయిందనుకున్న చెంప పోలేదు, ఇక్కడే ఉంది. రుక్కికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే కుడిచేత్తో దిద్దుకుంటూ పోయింది.

కన్ను తెరిచి చూసేసరికి మట్టి అమ్మకు ఎడమ చెంప లోతుగా ఉంది, ఎడమ కన్ను మూసి ఉంది. చూడగానే చెరిపేయాలని చెయ్యెత్తింది. అప్పటికే గుమ్మంలో వాల్యా నాయక్ నిలబడి ఉన్నాడు. తండాకు పెద్ద, అమ్మ పని ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని వచ్చాడు. వచ్చినవాడు చెప్పులు విడిచి దండం పెడుతున్నాడు.

"దాదా, మొక్కకు. చెడిపోయింది. మల్ల చేస్త."

ముసలాయన గడప మీద కూలబడి, "నువ్వు అమ్మను చేసేటప్పుడు నీ మొహమే ఎందుకు తడుముకుంటవు?" అని అడిగాడు.

"ఇంకెవరిది తడుమాలె? దగ్గరున్నది గదే."

"మరి మనల్ని చేసిననాడు దేవుని దగ్గర ఎవరున్నరు? ఎవ్వరు లేరు. ఆయన గూడ తన మొహమే తడుముకున్నడు. గందుకే మనుషులందరు ఆయన లెక్కనే ఉంటరని మా తాత చెప్పెటోడు."

"ఆయన చెంప ఎలుగు పీకలేదు గదా."

"నీకెట్ల ఎరుక? ఆయన రూపం మీద గోరు పడితే ఆయనకు తాకకుంట ఉంటదా? మస్తు తాకి ఉంటది." వాల్యా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ లేచాడు. "చెరపకు. ముక్కు లేని అమ్మకే మొక్కినోళ్ళం. గీ యేడు ముక్కు మంచిగుంది."

ఆ చివరి మాటకు గీత నవ్వింది. రుక్కి నవ్వలేదు గానీ, ఎత్తిన చెయ్యి దించింది.

తెల్లారి నాయక్ ఇంటి ముందు తండా అంతా చేరింది. పీట మీద అమ్మను చూసి అందరి కళ్ళూ రుక్కి వైపు తిరిగాయి. ఆమె పీట పక్కన కొంగు దించుకుని నిలబడింది. మొదట వచ్చింది నాయక్ మనవరాలు మౌనిక. నోటికి ఏదొస్తే అది అనే పిల్ల. మట్టి అమ్మ కుడి చెంప గబుక్కున నిమిరింది. ఎడమ చెంప మీద వేళ్ళు లోపలికి దిగేసరికి నెమ్మదించింది, మెల్లగా నిమిరి మెటికలు విరిచింది. తర్వాత రుక్కి వైపు తిరిగింది.

కొంగు ఎవరూ ఎత్తరు. తనే ఎత్తాలి. జైసింగ్ నేల చూపులు చూస్తున్నాడు. రుక్కి మనసులో అమ్మా అనుకుని కొంగు వెనక్కి వేసుకుంది.

మౌనిక చెయ్యి వచ్చింది. కుడి చెంప గబుక్కున, ఎడమ చెంప మెల్లగా. అచ్చం మట్టి అమ్మకు నిమిరినట్టే.

"నొస్తదా పెద్దమ్మా?"

"లేదు బిడ్డా."

మెటికలు పటపటమన్నాయి. తర్వాత ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకొకతె. ఒక్క చెయ్యీ వెనక్కి పోలేదు. ఆఖరున గీత వచ్చింది. ఆమె చెయ్యి చెంప మీద చాలాసేపు ఉండిపోయింది. ఎందుకు నాకే ఇట్లా అయిందని ఇన్నాళ్ళూ దేవుణ్ణి అడిగిన రుక్కికి ఆ క్షణంలో అడగడానికి ఏమీ మిగల్లేదు. నీ దయ స్వామీ, చేతులు మిగిల్చినవు, పిల్లను మిగిల్చినవు, అనుకుంది. తన పిల్లల కోసం తెగించి మీద పడ్డ ఆ ఎలుగు కూడా గుర్తొచ్చింది. దాని మీద కోపం రాలేదు.

వాగులో అమ్మను వదిలేటప్పుడు పిల్లలంతా ఏడ్చారు. అది ఆచారం. రుక్కి ఏడవలేదు. ఇంటికి వస్తూ కొంగు భుజం మీదే ఉంచుకుని, పక్కన నడుస్తున్న మొగుణ్ణి అడిగింది.

"నా చెంప జొన్నరొట్టె లెక్కున్నది, ఎరికేనా?"

"ఎరికే" అన్నాడు జైసింగ్.

"నీకెట్ల ఎరుక? నేనే నిన్న ముట్టుకున్న."

ఆయన తల తిప్పకుండా నడుస్తూనే చెప్పాడు. "నువ్వు గోలీ వేసుకొని పండుకున్నంక, రోజు నిమురుతనే ఉన్న."