ఉప్పుదిబ్బ పాసింజరు

ఉప్పుదిబ్బ నుంచి నల్లమెట్టకి రోజుకొకసారి పోయి వచ్చే మూడు పెట్టెల బండి ఒకటుండేది. రైల్వే వాళ్ళు దానికేదో నంబరిచ్చారు గానీ దారి పొడవునా ఉన్న ఊళ్ళవాళ్ళు చేపల బండి అనేవారు. ముక్కున్న ఎవరికైనా ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న ఏడున్నరకి సముద్రం వైపు కొసన బయల్దేరి, మధ్యలో జంక్షన్లో పావుగంట నిలబడి, అక్కణ్ణుంచి మాంగనీసు గనులున్న నల్లమెట్టకి ఎక్కేది. అసలా లైను వేసిందే గనుల కోసం. నల్లరాయి వాగన్లు కిందికి దిగడానికి పట్టాలు పరిచి, పోనీలే పాపమని జనానికి మూడు పెట్టెలు తగిలించారు.

దేముడమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ బండిలో ఎండుచేపల గంపతో ఎక్కుతోంది. మొదట అత్త వెనకాల ఎక్కింది. ఇప్పుడు కోడలు ఈశ్వరి ఆవిడ వెనకాల ఎక్కుతోంది. నెత్తళ్ళు, సావళ్ళు, కవళ్ళు, ఏది ఎండితే అది. నల్లమెట్టలో గని కూలీల ఇళ్ళన్నీ ఆవిడ వాడుకే. ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ ఇంట్లో మొగుడు తాగొచ్చి కూర బాగోలేదని కంచం విసిరేస్తాడో అన్నీ ఆవిడకి తెలుసు. ఆ వాసన గంపని బస్సు కండక్టరు మెట్టు కూడా ఎక్కనివ్వడు. ఆటో కట్టించుకుంటే అమ్మిందంతా ఆటోవాడి జేబులోకే. బండి ఉంటే బేరం ఉంది, బండి లేకపోతే లేదు. అంతే సంగతి.

ఉప్పుదిబ్బ హాల్టులో టిక్కెట్లమ్మే ఏజెంటు పన్నెండేళ్ళ కిందట చచ్చిపోయాడు. ఆయన బదులు ఇంకొకరు రాలేదు. కిటికీకి చెక్క కొట్టేశారు. మొదటి నాలుగు రోజులూ ఆడవాళ్ళంతా గుప్పిట్లో డబ్బులు పట్టుకుని ఆ చెక్క ముందు నిలబడ్డారు. అప్పుడే కొత్తగా ఆ బండికి గార్డుగా వచ్చిన జగన్నాధం వాళ్ళని చూసి నవ్వాడు.

"కొనడానికి సోటే నేకపోతే మీరేటి సేస్తారు? ఎక్కండప్పా," అన్నాడు.

ఎక్కారు. ఆ ఎక్కడం పన్నెండేళ్ళు ఎక్కారు. జగన్నాధం పాతపట్నం వైపు మనిషి, మాట మెత్తన, పొట్ట కాస్త ముందుకి. ఈమధ్య గార్డు అనకూడదు, ట్రైన్ మేనేజర్ అనాలని పైనుంచి కాగితం వచ్చింది. దేముడమ్మకి మాత్రం ఆయన గార్డుబాబే. ఉట్టినే ఎక్కడం ఆవిడకి మనసొప్పక, దిగేటప్పుడు ఆయనకి దోసెడు నెత్తళ్ళు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేది. ఆయన వద్దనేవాడు, తీసుకునేవాడు.

చలికాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. మంచు పట్టిన చేపని ఆరకుండా గంపకెత్తితే నల్లమెట్ట చేరేసరికి మెత్తబడిపోతుంది. అందుకని ఎండ పొడ తగిలేదాకా ఆగి, ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చేవారు. అలాంటి రోజుల్లో జగన్నాధం బండి దిగి, పక్క ఊరి చుట్టం కోసం చూస్తున్నట్టు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడేవాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. రైలు తన కోసం ఆగుతుందంటే దేముడమ్మకి లోపల గర్వంగా ఉండేది. ఉండదా మరి? జిల్లా మొత్తంలో ఎంతమంది కోసం రైలాగుతుంది?

రెండేళ్ళ కిందట గని లీజు అయిపోయింది. వాగన్లు ఆగిపోయాయి. కొత్తగా తీసుకునేవాడు లారీలతోనే కానిచ్చేస్తాడని కొందరు, రైలు లేనిదే గని నడవదని కొందరు. కూలీలు మాత్రం ఇవాళో రేపో తెరుస్తారని ఇళ్ళు ఖాళీ చెయ్యకుండా, దొరికిన పని చేసుకుంటూ, ఎండుచేప ముక్కతో అంబలి తాగుతూ కూర్చున్నారు. దేముడమ్మ బేరం సగానికి పడింది గానీ ఆ సగంతోనే ఇల్లు నడుస్తోంది.

ఫిబ్రవరిలో జంక్షన్లో టీ అమ్మే అసిరయ్య ఒక కబురు చెప్పాడు. రాయే లేనప్పుడు బండెందుకని పైవాళ్ళు దీన్ని తీసేయాలనుకుంటున్నారట. ఎక్కేవాళ్ళు ఉన్నారో లేదో విచారించడానికి మంగళవారం ఒక ఆఫీసరు జంక్షన్‌కి వస్తున్నాడట. ఇంత పెద్ద మాట గార్డుబాబు తనకెందుకు చెప్పలేదో దేముడమ్మ ఆలోచించలేదు. ఆవిడకంత తీరికెక్కడిది? పేటలో గడప గడపకీ తిరిగింది.

"ఒసే, మంగళారం ఒక్కరూ ఇంట్లో ఉండకూడదు. ముసిలీ ముతకా అందరూ బండెక్కాల. ఆ ఆఫీసరు కళ్ళతో సూడాల," అని కేకలేసింది.

మంగళవారం అరవై మంది ఎక్కారు. వేటకి పోవాల్సిన మగాళ్ళు కూడా పడవలు ఒడ్డున వదిలేసి వచ్చారు. మూడు పెట్టెలూ కిక్కిరిసిపోయాయి. జగన్నాధం ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాడు గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. ఒంట్లో బాగోలేదేమో అనుకుంది దేముడమ్మ. ఈ మార్చి ఆఖరుకి ఆయన రిటైరవుతున్నాడు, ఆ దిగులేమో అని కూడా అనుకుంది.

జంక్షన్లో ఆఫీసరు వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. సన్నగా, కళ్ళజోడుతో, మంచివాడిలాగే ఉన్నాడు. బల్ల మీద కాగితాలు, వాటి పక్కన అట్ట చిరిగిన పుస్తకాలు ఏడెనిమిది. అరవై మందీ దిగి బల్ల చుట్టూ మూగేసరికి ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. దేముడమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"సూడండి బాబూ, ఎంతమందిమి ఉన్నామో. ఈ బండి తీసేస్తే మేమెలగ బతకాల?"

"చూస్తున్నానమ్మా. కానీ ఒక్కరోజు జనం లెక్కలోకి రారు, రికార్డు ఉండాలి." ఆయన ఒక కాగితం తిప్పాడు. "నిరుడు మొత్తం ఉప్పుదిబ్బ నుంచి నల్లమెట్టకి అమ్మిన టిక్కెట్లు సున్నా. అంతకు ముందేడూ సున్నాయే. కాగితాల ప్రకారం పన్నెండేళ్ళుగా ఈ బండిలో మీ ఊరివాళ్ళు ఎవరూ ఎక్కలేదు."

"మరి మేమెవులం బాబూ?" అంది దేముడమ్మ.

అందరూ ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టారు. మూసేసిన కిటికీ గురించి ఒకరు, నల్లమెట్ట సంత గురించి ఒకరు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపి, పుస్తకాల్లోంచి ఒకటి తీశాడు.

"ఇది గార్డు రాసే పుస్తకం. ప్రతి ట్రిప్పుకీ ఆయన చేతిరాతే. ఇందులో ఏముందో చదువుతాను, వినండి." వేలితో గీతల వెంట పోతూ చదివాడు. "ఉప్పుదిబ్బ. ప్రయాణికులు ఎవరూ లేరు. మర్నాడూ ఎవరూ లేరు. ఇక్కడ ఎనిమిది నిమిషాలు ఆలస్యం. కారణం, పట్టాల మీద పశువులు. మర్నాడు పది నిమిషాలు. పట్టాల మీద పశువులు." పేజీలు తిప్పాడు. "డిసెంబరు, జనవరి నెలలంతా ఇదే. ఏ ఏడు తీసినా ఇంతే. మీ ఊళ్ళో చలికాలం పశువులు అంత ఎక్కువా?"

దేముడమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. డిసెంబరు, జనవరి అంటే మంచు నెలలు. ఆ ఎనిమిది నిమిషాలూ, ఆ పది నిమిషాలూ తనవి. ఆవిడ తల తిప్పి చూసింది. జగన్నాధం ఆఖరి పెట్టె మెట్టు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. టిక్కెట్టు లేని మనుషుల్ని రోజూ ఎక్కిస్తున్నానని ఆయన రాయలేడు. మనుషుల కోసం బండి ఆపానని అసలే రాయలేడు. అందుకని పన్నెండేళ్ళ పాటు పొద్దున్నే నవ్వుతూ పలకరించి, పెట్టెలోకి పోయి పుస్తకంలో వాళ్ళ లెక్క కొట్టేసి, ఆ చోట గొడ్లని రాశాడు. దేముడమ్మకి ఒళ్ళు మండింది. చెంప మీద కొట్టినట్టయింది. ఆ నెత్తళ్ళన్నీ కక్కించాలన్నంత కోపం వచ్చింది.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "అమ్మా, నువ్వు పెద్దదానివి. సరిగ్గా విను. రోజూ ఎక్కుతున్నామని మీరు చెబితే నేను రాసుకుంటాను. జనం ఉన్నారు, కిటికీ లేకే టిక్కెట్లు లేవని పైకి పంపిస్తాను. బండి నిలబడుతుందని మాటివ్వలేను గానీ, ఇంకోసారి ఆలోచిస్తారు. కాకపోతే అప్పుడీ పుస్తకం అబద్ధమవుతుంది. రాసినాయన జవాబు చెప్పుకోవాలి. నెలలో రిటైరయ్యే మనిషి. పెన్షను దాకా పోవచ్చు. చెప్పు, రోజూ ఎక్కుతున్నారా?"

ఈశ్వరి వెనకనుంచి అత్త జబ్బ గిల్లింది. "సెప్పత్తా, ఎక్కుతన్నామని సెప్పు!"

దేముడమ్మ మళ్ళీ ఆఖరి పెట్టె వైపు చూసింది. కోపం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కానీ కోపం వచ్చిందని ముసలితనంలో ఒక మనిషి కంచం లాగేయడం ఆవిడ చేత కాలేదు. చెక్క కొట్టిన కిటికీ ముందు నిలబడ్డప్పుడు ఎక్కండప్పా అన్నది ఈయనొక్కడే. కిటికీ తెరవాల్సిన వాళ్ళెవరూ ఇప్పుడీ బల్ల ముందు లేరు.

"నేదు బాబూ," అంది. "ఈయాలే ఎక్కినాం. మీరొస్తన్నారంటే సూద్దామని."

ఈశ్వరి అత్త జబ్బ వదిలేసింది.

"మరి పశువులు?"

"నిజమే బాబూ. మా ఊరి పశువులే. పొద్దుటేల అలగే పట్టాల కడ్డమొస్తాయి."

ఆఫీసరు కళ్ళజోడు తీసి ఆవిణ్ణి కాసేపు చూశాడు. ఆయనకి తెలియక కాదు. తెలిసినా రాసుకోవడానికి ఆవిడ చెప్పిన మాట ఒకటే ఉంది. రాసి, ఆవిడ చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

"ఇవాళ ఎక్కామన్నారు కదా. టిక్కెట్లు?" అన్నాడు మెల్లగా. "ఫైను రాయనులే. కానీ నేనిక్కడుండగా టిక్కెట్టు లేకుండా నల్లమెట్టకి పోనివ్వలేను. అవతలి కౌంటర్లో కొనుక్కుని ఎక్కండి."

కౌంటరు వంతెన దాటి అవతల ఉంది. దాని ముందు విశాఖ బండి కోసం అప్పటికే పెద్ద వరస. బండి కదలడానికి నాలుగు నిమిషాలుంది. ఈశ్వరి ఇంకో ఇద్దరితో వంతెన మీదికి పరిగెత్తింది. దేముడమ్మ పెట్టెలోంచి గంపలు దింపించింది. సిగ్నలు పడింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. జగన్నాధం వంతెన వైపు చూశాడు, ఆఫీసరు వైపు చూశాడు, ఈల ఊదాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన వాళ్ళ కోసం ఆగలేదు, బండి సరిగ్గా టైముకి బయల్దేరింది. ఆయన పెట్టె దేముడమ్మ ముందునుంచి పోతున్నప్పుడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడ తిరిగి పెట్టలేదు. మూడు పెట్టెల్లోనూ ఉప్పుదిబ్బ మనిషి ఒక్కరు కూడా లేరు.

ఈశ్వరి వంతెన దిగి వచ్చేసరికి పట్టాలు ఖాళీ.

"మనం పశువులమేటత్తా?" అంది. "ఆయన పెన్సనుకోసరం మా నోట్లో మన్నుకొట్టేవు. రేపణ్ణించి ఏటి తింతాం?"

"తెలీదే," అంది దేముడమ్మ. "ఆ గంప నెత్తికెత్తు."

ఉప్పుదిబ్బ అక్కడికి పదకొండు కిలోమీటర్లు. రోడ్డు మీదుగా పోతే పద్దెనిమిది. తిరుగు బండి సాయంత్రం దాకా లేదు, గంపలుంటే బస్సు ఎక్కించుకోదు. అందుకని అరవై మందీ ఒకరి వెనక ఒకరు పట్టాల మీదికి దిగి, తలలు వంచుకుని ఇంటికి నడిచారు.