రాత్రి తల, పగటి తల

నేను పడుకునే చాప మీద నాలుగేళ్ళుగా ఇంకొకడు కూడా పడుకుంటున్నాడు. ఈ వానాకాలం దాకా ఇద్దరం ఒక్కసారి కూడా పక్కపక్కన పడుకోలేదు. నేను పగలు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో తలలు కోసేవాణ్ణి. కో తౌంగ్ రాత్రి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దొర్లించేవాడు. నేను లేచిన చాప మీద అతను వాలేవాడు, అతను లేచిన చాప మీద నేను. ఈ పరాయి దేశపు రేవు ఊరు మహాచాయ్‌లో మా బర్మా వాళ్ళు చాలామంది ఇలాగే బతుకుతారు. చాపకేం, దానికి అలుపు లేదు.

మా గది ఓనరమ్మ జే నోయ్ అద్దె గదికి తీసుకోదు, తలకు తీసుకుంటుంది. రాత్రి పడుకునే తలకు ఒక రేటు, పగలు పడుకునే తలకు అందులో సగం. ఆ రెండూ కలిపి మేమిద్దరం సమంగా వేసుకుంటాం. పరదా అవతల సగం గదిలో రొయ్యలు ఒలిచే మ చో, ఆమె మొగుడు ఉంటారు. వాళ్ళవి రెండూ రాత్రి తలలే. డబ్బున్న మహారాజులు.

ఆదివారం నాకు సెలవు. కానీ పగటి పూట చాప కో తౌంగ్‌ది. అందుకని సెలవు రోజున నాకు నడుం వాల్చే చోటు ఉండేది కాదు. రేవు దగ్గర పడవలు కట్టే దిమ్మ మీద కూర్చునేవాణ్ణి. టీ తాగితే ఖర్చు, బస్సెక్కితే ఖర్చు. ఊరికే కూర్చుంటే ఇంతవరకూ ఎవరూ డబ్బులడగలేదు.

ఇదంతా ఒక ఇంజను కోసం. బర్మాలో దవెయ్ తీరాన, మా ఊళ్ళో నాకొక పడవుంది. దానికి ఇంజను లేదు. చేపలు పట్టడానికని నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఈ వయసులో ఎవడో పట్టిన చేపలకు తలలు కోసే పనిలో పడ్డాను. ఇంజను కొనుక్కుని నా సముద్రానికి నేను పోవాలి. కానీ నేనొక అడుగు వేస్తే ఇంజను ధర రెండడుగులు వేస్తుంది.

చాప పంచుకునేవాళ్ళకు ఒక మర్యాద ఉంది. పోయేవాడు వచ్చేవాడికి అన్నం వండి మూత పెట్టి పోవాలి. పొద్దున అతనికి నేను వండేవాణ్ణి, సాయంత్రం నాకు అతను. సందు మొదట్లో ఎదురైతే "తిన్నావా?" అంటే "తిన్నా" అనుకునేవాళ్ళం. నాలుగేళ్ళలో మా మాటలన్నీ కలిపినా ఒక తమలపాకు నమిలేంత సేపు కూడా పట్టవు.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి కో తౌంగ్ చాప మీద కూర్చుని ఉన్నాడు.

"రాత్రి పని ఎత్తేశారన్నా. రేపటి నుంచి పగలే."

"మరి ఎక్కడ పడుకుంటావ్?"

అతను చాప వైపు చూశాడు. నేనూ చూశాను. దాని వెడల్పు అప్పుడు తెలిసింది నాకు.

జే నోయ్‌ని అడిగితే విసనకర్ర ఆపకుండానే చెప్పింది. "రెండూ రాత్రి తలలైతే రెండు రాత్రి రేట్లు. మీరు పక్కపక్కన పడుకుంటారో, ఒకడి మీద ఒకడు పడుకుంటారో నాకనవసరం."

నెలాఖరు దాకా చూద్దామనుకున్నాం.

ఆ రాత్రే మొదటిసారి ఇద్దరం ఒక గిన్నె ముందు కూర్చున్నాం. కో తౌంగ్ సొరకాయ బజ్జీలు కొనుక్కొచ్చాడు. నేను ఎందుకో ఒక బీరు సీసా తెచ్చాను. అన్నం అతనే వండాడు, ఎప్పటిలాగే ముద్దగా.

"ఇంత మెత్తటన్నం నీకెలా సయిస్తుందయ్యా?" అన్నాను, ఊరికే మాట కలుపుదామని.

"నాకా? థూ! మా ఐరావతి డెల్టాలో ఇలాంటి అన్నం వండితే పెళ్ళాన్ని పుట్టింటికి తోలేస్తారు. నీకోసం వండుతున్నా."

"నాకోసమా?"

"గిన్నె అంచున గట్టిపడ్డ మెతుకులన్నీ వదిలేస్తావుగా. పళ్ళూడినట్టున్నాయి పాపం ముసలాడికి, అనుకున్నా."

నిజమే. పైన రెండు వైపులా దవడపళ్ళు లేవు నాకు. ఈ సంగతి నా పెళ్ళానికి కూడా తెలీదు.

"మరి నేను పొద్దున వండేది?"

"అదీ సంకటే. తిన్నానుగా నాలుగేళ్ళు. చచ్చానా?"

ఇద్దరం ఎంత నవ్వామంటే పరదా అవతల నుంచి మ చో అరిచింది. "ఏందయ్యా ఆ ఇకఇకలు? కొత్తగా పెళ్ళయిందా మీకు?"

"అయింది వదినా, కట్నం కింద చాప ఇచ్చారు" అన్నాడు కో తౌంగ్.

ఆ నెలంతా అలాగే గడిచింది. అతను నా దవెయ్ యాసను వెక్కిరించేవాడు. నేను అతని గురకను వెక్కిరించేవాణ్ణి. ఇద్దరం తలలు చెరోవైపు పెట్టి పడుకుంటే అతని పాదాలు నా చెవి దగ్గర ఐసు ముక్కల్లా ఉండేవి. ఆదివారం నేను రేవుకు పోలేదు. మిట్టమధ్యాహ్నం దాకా పడుకుని పైకప్పు రేకు మీద వాన వింటూ ఏవేవో చెప్పుకున్నాం. ఇరవై ఏళ్ళ కిందట చచ్చిపోయిన మా అన్న సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. ప్రతి రాత్రీ బజ్జీలో, ఎండుచేపో, బీరో. చేయి దానంతటదే జేబులోకి పోయేది.

నెలాఖరున హుండీవాడు వచ్చాడు, ఇంటికి పంపే డబ్బు తీసుకోవడానికి. జే నోయ్‌కి ఇచ్చింది పోగా మిగిలింది అతని చేతిలో పెట్టాను. రెండోసారి చేయి చాపాడు. ఇంక లేదన్నాను.

"జబ్బు చేసిందా అన్నా?" అన్నాడు నిజంగానే.

ఆ సాయంత్రం ఫోన్లో నా భార్య, వానలు తగ్గాక ఇంజను ధర మళ్ళీ పెరుగుతుందట అని చెప్పింది. తిట్టలేదు. "మీ ఇష్టం" అంది, అంతే. తిడితే బాగుండేది.

మర్నాడు నేను మేస్త్రీ దగ్గరికి పోయి రాత్రి పని అడిగాను. రాత్రి కడుగుడు పని ఎప్పుడూ ఖాళీయే. బ్లీచింగ్ నీళ్ళకు కాళ్ళు ఒరుసుకుపోతాయని ఎవరూ చేరరు.

కో తౌంగ్‌కు అన్నం తిన్నాక చెప్పాను. "రేపటి నుంచి నాకు రాత్రి."

"వాళ్ళు వేశారా, నువ్వడిగావా?"

"నేనే అడిగా."

అతను తమలపాకుకు సున్నం రాశాడు. రాసిందాని మీదే మళ్ళీ రాశాడు.

"మంచి పని చేశావన్నా. నేనే చెబుదామనుకుంటున్నా, నోరు రాలేదు."

వద్దంటాడనుకున్నాను. అన్నా కూడా నేను వినేవాణ్ణి కాదు. కానీ అనలేదు.

ఇప్పుడు నేను పగటి తలను. తెల్లారి వచ్చేసరికి చాప మీద అతని వెచ్చదనం ఉంటుంది, గిన్నెలో నాకు మెత్తటన్నం ఉంటుంది. పరదా అవతల కూడా ఎవరూ ఉండరు. రేకు వేడెక్కే శబ్దం వింటూ పడుకుంటాను.

మొదటి సాయంత్రం అతనికి అన్నం వండుతూ నీళ్ళు తగ్గించి పోశాను. మెతుకుకు మెతుకు అంటకుండా చూసి చూసి దించాను. నా జన్మలో అలా వండటం అదే మొదలు. రెండు మెతుకులు నోట్లో వేసుకుంటే చిగుళ్ళకు గుచ్చుకున్నాయి. అంటే బాగా కుదిరిందన్నమాట. మూత పెట్టి, మూత మీద తువ్వాలు కప్పి పనికి పోయాను.

మర్నాడు సాయంత్రం సందు మొదట్లో కో తౌంగ్ ఎదురయ్యాడు. అతను లోపలికి, నేను బయటికి.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నా."

నన్ను దాటి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఏందన్నా, రాత్రి అన్నం పలుకుపలుకుగా ఉంది? గ్యాసు కూడా మిగులుస్తున్నావా?"

అతని మొహాన నవ్వుందో లేదో ఆ మసక వెలుతురులో కనబడలేదు. ఫ్యాక్టరీ బండి హారను కొడుతోంది.

"ఆఁ, మిగులుస్తున్నా" అన్నాను.